"ఈ బండి నేను తీయను" అనే హక్కు ఎంతవరకు? కంపెనీ వాహనాలు నడిపేవారు, ఎక్కేవారు తెలుసుకోవలసిన సంగతులు

ధర్మపురి నుంచి సేలం వైపు బండి దించే ఏ డ్రైవరుకైనా తొప్పూరు ఘాటు గురించి మేము కొత్తగా చెప్పనక్కరలేదు. 2024 జనవరి 24న అక్కడి వంతెన మీద అదుపు తప్పిన ఒక లారీ ముందు వెళ్తున్న వాహనాలను గుద్దింది. నలుగురు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ సీసీ కెమెరా దృశ్యం మనలో చాలామంది ఫోన్లలోకి వచ్చింది. అదే మొదటిది కాదు. 44వ నంబరు జాతీయ రహదారిలో ఈ దిగుడు ఎన్నో ఏళ్లుగా ప్రమాదాలకు పేరుపడింది.

ఘాటులో ప్రమాదం జరిగిన ప్రతిసారీ రెండు మాటలు వినబడతాయి: "డ్రైవరు వేగంగా వచ్చాడు", "బ్రేకు పట్టలేదు". మొదటి మాట పోలీసు కేసులోకి వెళ్తుంది. రెండో మాట గురించి అడగవలసిన ప్రశ్నను ఎవరూ అడగరు. బ్రేకు బాగోలేదని ముందే తెలిస్తే ఆ బండిని రోడ్డు మీదికి పంపింది ఎవరు? వద్దని చెప్పే హక్కు డ్రైవరుకు ఉందా? చెబితే ఉద్యోగం ఉంటుందా?

మన ఇళ్లలో లారీ స్టీరింగు పట్టినవారు, గ్రానైటు లోడు ఎత్తేవారు, పాలక్కోడు టమాటా మార్కెట్టు నుంచి రాత్రికి రాత్రి సరుకు తీసుకెళ్లేవారు, కంపెనీ ఇచ్చిన మోటారు సైకిలు మీద అంగడి అంగడికీ తిరిగే సేల్స్ అబ్బాయిలు, తెల్లవారకముందే హోసూరు సిప్‌కాట్ బస్సు ఎక్కే ఆడపిల్లలు ఉన్నారు. వాళ్లందరి కోసం చట్టంలో ఉన్నది ఉన్నట్టుగా, వీలైనంత సులువుగా ఇక్కడ ఇస్తున్నాం.

ముందుగా, నాలుగు మాటల్లో జవాబు

ఒకటి: ప్రమాదకరమైన లోపం ఉందని తెలిసి బండిని రోడ్డు మీద నడపడం నేరం. నడిపినవారికే కాదు, నడిపించినవారికీ, నడపనిచ్చినవారికీ అది నేరమే.

రెండు: నేరమయ్యే పని చేయమని చెప్పే ఆజ్ఞ చట్టబద్ధమైన ఆజ్ఞ కాదు. దాన్ని కాదనడం క్రమశిక్షణ ఉల్లంఘన కాదు.

మూడు: "బండి బాగోలేదు, నేను పని ఆపుతున్నాను" అని అంటే ఏ ఇబ్బందీ రాదని మన కార్మిక చట్టం సూటిగా ఎక్కడా రాయలేదు. కాబట్టి కాదనే తీరు, దానికి మీ దగ్గర మిగిలే కాగితం, రెండూ ముఖ్యం.

నాలుగు: ప్రమాదం జరిగిపోతే పరిహారానికి దారులు ఉన్నాయి. యజమానికి ఒకే ఒక లారీ ఉన్నా సరే, ఉన్నాయి.

మోటారు వాహనాల చట్టం ఏమంటుంది

1988 నాటి మోటారు వాహనాల చట్టంలో 190వ సెక్షన్ మనకు మొదటి ఆయుధం. రోడ్డు మీద ఇతరులకు ప్రమాదం కలిగించే లోపం బండిలో ఉండి, ఆ లోపం తెలిసి గానీ, మామూలు జాగ్రత్తతో చూస్తే తెలిసేదై గానీ ఉంటే, ఆ బండి నడిపినవారికి 1,500 రూపాయల దాకా జరిమానా. ఆ లోపం వల్ల ప్రమాదం జరిగి ఎవరికైనా దెబ్బ తగిలినా, ఆస్తి పాడైనా మూడు నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. మళ్లీ అదే తప్పు చేస్తే ఆరు నెలల దాకా జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా. ఇవి 2019 సవరణ తర్వాతి లెక్కలు.

ఇక్కడ ఒక మాట గట్టిగా పట్టుకోవాలి. సెక్షన్ "నడిపినవారు" అని ఆగిపోలేదు. "నడిపించినవారు, నడపడానికి అనుమతించినవారు" అని కూడా చెప్పింది. అంటే షెడ్డులో కూర్చుని "పోయి రా" అన్న సూపర్‌వైజరు కూడా అందులోకి వస్తాడు. నేరం చేసింది కంపెనీ అయితే 199వ సెక్షన్ ప్రకారం ఆ సమయంలో వ్యాపారం చూసుకునే బాధ్యుడి మీద, కంపెనీ మీద కూడా కేసు నడుస్తుంది.

రెండో ఆయుధం ఎఫ్‌సీ. సరుకు బండి, ప్రయాణికుల బండి, కంపెనీ బస్సు ఏదైనా ట్రాన్స్‌పోర్టు వాహనం అయితే 56వ సెక్షన్ ప్రకారం ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఉండి తీరాలి. కొత్త బండికి మొదట రెండేళ్లు, ఎనిమిదేళ్ల వయసు వచ్చేదాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏడాదికోసారి. ఎఫ్‌సీ గడువు తీరిన ట్రాన్స్‌పోర్టు బండికి రిజిస్ట్రేషన్ చెల్లుబాటు కానట్టే లెక్క. అలాంటి బండి తీస్తే 192వ సెక్షన్ కింద మొదటిసారి 2,000 నుంచి 5,000 రూపాయల జరిమానా.

అయితే ఎఫ్‌సీ ఉందంటే బండి బాగుందని అర్థం కాదు. అది తనిఖీ జరిగిన రోజు మాట మాత్రమే. 2012 జూలైలో చెన్నై శివార్లలో స్కూలు బస్సు నేలలో ఉన్న కంతలోంచి ఒక చిన్న పాప కింద పడి చనిపోయింది. ఆ ఘటనను మద్రాసు హైకోర్టు తనంతట తానే విచారణకు తీసుకుంది. స్కూలు బస్సులకు తమిళనాడులో ప్రత్యేక నియమాలు ఆ ఏడాదే వచ్చాయి. ఎఫ్‌సీ కాగితం చూపించి "అన్నీ సరిగ్గానే ఉన్నాయి" అనేవారికి 190వ సెక్షన్ అడ్డు వస్తుంది. లోపం ఉంటే, కాగితం ఉన్నా నేరమే.

మూడోది ఓవర్‌లోడు. గ్రానైటు, ఇసుక, చెరకు బండ్లకు ఇది రోజూ ఉండే గొడవ. 194వ సెక్షన్ కింద ఓవర్‌లోడుకు 20,000 రూపాయలు, ఎక్కువైన ప్రతి టన్నుకూ మరో 2,000 రూపాయలు. డ్రైవరు వేరు, ఓనరు వేరు అయినప్పుడు, ఓనరుకు తెలిసే, లేదా ఓనరు చెబితేనే ఓవర్‌లోడు వేశారని కోర్టు అనుకోవచ్చని 113వ సెక్షన్ చెబుతోంది. జరిమానా మీ జీతంలో కోస్తామని ఎవరైనా అంటే ఈ సెక్షన్ పేరు చెప్పండి. ఓవర్‌లోడుకు, బ్రేకుకు సంబంధం డ్రైవర్లకు తెలిసిందే. ఘాటులో దిగేటప్పుడు బరువు ఎక్కువైతే బ్రేకు డ్రమ్ములు వేడెక్కి పట్టు వదిలేస్తాయి. డీజిలు మిగులుతుందని న్యూట్రల్‌లో దించితే ఇంజిను పట్టు కూడా ఉండదు. "మైలేజీ చూపించు" అని ఒత్తిడి చేసే యజమాని ఆ ప్రమాదాన్ని తానే తయారు చేస్తున్నట్టు.

చెప్పి కూడా నడిపితే?

మన డ్రైవర్లు ఎక్కువగా ఇబ్బంది పడేది ఇక్కడే. బ్రేకు సరిగ్గా లేదని ఓనరుకు చెబుతారు. "అన్నా, ఈ ఒక్క ట్రిప్పు పోయి రా, వచ్చాక షెడ్డులో పెడదాం" అని జవాబు వస్తుంది. మొహమాటానికి పోయి బండి తీస్తారు. ప్రమాదం జరుగుతుంది.

అప్పుడు మీరు పంపిన ఆ వాట్సాప్ మెసేజీ రెండు వైపులా పదునున్న కత్తి అవుతుంది. ఓనరుకు లోపం తెలుసని అది రుజువు చేస్తుంది. మీకు కూడా తెలుసని అదే రుజువు చేస్తుంది. ప్రమాదంలో ఎవరైనా చనిపోతే నిర్లక్ష్యంతో మరణానికి కారణమైనందుకు భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా జైలు పడవచ్చు. పోలీసులు ముందు పట్టుకునేది స్టీరింగు దగ్గర ఉన్న మనిషిని.

కాబట్టి ఫిర్యాదు చేయడం సగం పని. ప్రమాదకరమైన లోపం అయితే, బాగుచేసేదాకా బండి తీయకుండా ఉండడం మిగతా సగం. ఫిర్యాదు చేసి తీయకపోతే ఆ కాగితం మీకు కవచం. చేసి తీస్తే మీ మీద సాక్ష్యం.

ఉద్యోగిగా మీకున్న హక్కు

2025 నవంబరు 21 నుంచి నాలుగు కార్మిక స్మృతులు అమలులోకి వచ్చాయి. మన విషయానికి ముఖ్యమైనది 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల స్మృతి. ఇంతకుముందున్న ఫ్యాక్టరీల చట్టం, 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం లాంటివి ఇందులో కలిసిపోయాయి.

ఈ స్మృతి ప్రకారం, పనిచేసే చోట గాయానికో జబ్బుకో దారితీసే ప్రమాదాలు లేకుండా చూడడం యజమాని బాధ్యత. ప్రతి ఉద్యోగికీ నియామక పత్రం ఇవ్వాలి. ప్రమాదకరమైన పరిస్థితి కనబడితే యజమానికి తెలపడం ఉద్యోగి బాధ్యత కూడా.

14వ సెక్షన్ అసలు సంగతి చెబుతుంది. తన భద్రతకు సంబంధించిన సమాచారం అడిగి తీసుకునే హక్కు ప్రతి ఉద్యోగికీ ఉంది. ప్రాణాపాయం గానీ తీవ్రమైన గాయం గానీ వెంటనే జరిగేలా ఉందని సహేతుకంగా అనిపిస్తే యజమానికి చెప్పవచ్చు, అదే సమయంలో ప్రభుత్వ ఇన్‌స్పెక్టరుకు కూడా చెప్పవచ్చు. కొత్త స్మృతిలో ఆయన పేరు ఇన్‌స్పెక్టర్-కమ్-ఫెసిలిటేటర్. నిజమేనని యజమానికి అనిపిస్తే వెంటనే సరిచేసి, ఆ సంగతి ఇన్‌స్పెక్టరుకు నివేదించాలి. యజమాని ఒప్పుకోకపోతే? "ఏం కాదు, పో" అని తేల్చేసే అధికారం ఆయనకు లేదు. విషయాన్ని ఇన్‌స్పెక్టరుకు పంపి తీరాలి. ఆ అధికారి తేల్చిందే తుది మాట.

"ఇది నాకూ మా ఓనరుకూ మధ్య విషయం కదా" అనుకోవద్దు. మీరు రాసిచ్చిన నిమిషం నుంచి అది ప్రభుత్వానికి చేరవలసిన విషయం.

పనిగంటల సంగతి కూడా ఇందులోదే. రోజుకు ఎనిమిది గంటల పని అనేది 1961 చట్టం నాటి నుంచీ ఉన్న సూత్రం. నిద్ర లేని డ్రైవరు చేతిలో ఉన్న మంచి బండి కూడా ప్రమాదకరమైన బండే. వరుసగా రెండు రాత్రులు తోలమంటే, అది కూడా ఫిర్యాదులో రాయవలసిన లోపమే.

పదిమంది లేని చోట

కొత్త స్మృతి పదిమంది లేదా అంతకు మించి పనివారున్న సంస్థలకే వర్తిస్తుంది. పాత మోటారు రవాణా కార్మికుల చట్టం ఐదుగురు ఉంటే చాలంది. ఆ గీత పైకి జరగడం వల్ల రెండు మూడు లారీలున్న ఓనర్ల దగ్గర పనిచేసే మనవాళ్లు చాలామంది బయట మిగిలిపోతున్నారు. ఇది మనకు జరిగిన నష్టమేనని మా అభిప్రాయం.

కానీ చేతులు కట్టుకుని కూర్చోవలసిన పని లేదు. 190వ సెక్షన్ ఒక్క బండి ఉన్న ఓనరుకూ వర్తిస్తుంది. ఎఫ్‌సీ, బీమా, ఓవర్‌లోడు నియమాలూ అంతే. పరిహార చట్టానికి కూడా పనివారి లెక్క లేదు. అలాంటి చోట ఫిర్యాదు కార్మిక శాఖకు బదులు ముందుగా ఆర్టీవో కార్యాలయానికి వెళ్లాలి.

ఏ లోపం చిన్నది, ఏది ప్రాణం తీసేది?

ప్రతి చిన్న రిపేరుకూ బండి ఆపేస్తానంటే ఎవరూ ఒప్పుకోరు, చట్టం కూడా మీ వెనక నిలబడదు. ఏసీ పనిచేయలేదని, సీటు చిరిగిందని ఆపలేం. కింది వాటిలో ఏది ఉన్నా మాత్రం ఆపడానికి గట్టి కారణం ఉన్నట్టే:

• బ్రేకు పెడలు లోపలికి పోవడం, ఎయిర్ బ్రేకులో గాలి నిలవకపోవడం, హ్యాండు బ్రేకు పట్టకపోవడం.
• స్టీరింగు ప్లే ఎక్కువ కావడం, ఒకవైపు లాగడం.
• టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్ల కన్నా తక్కువ కావడం, తీగ బయటపడడం, పక్కన ఉబ్బడం. మోటారు సైకిలుకు ఈ లెక్క 0.8 మిల్లీమీటర్లు.
• రాత్రి ప్రయాణానికి హెడ్‌లైటు, వెనక ఎర్రలైటు, బ్రేకు లైటు వెలగకపోవడం. వెనక రిఫ్లెక్టరు పట్టీ లేకపోవడం.
• వైపరు లేకుండా వానలో తీయమనడం.
• డీజిలు కారడం, వైర్లు కాలిన వాసన రావడం.
• బస్సులో అత్యవసర ద్వారం తెరుచుకోకపోవడం, నేల, మెట్లు తుప్పుపట్టి ఉండడం.
• ఎఫ్‌సీ, బీమా గడువు తీరిపోవడం.

కాగితాల గడువు ఓనరును అడగనవసరం లేదు. ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబరు కొడితే ఎఫ్‌సీ, బీమా, పొగ సర్టిఫికెట్ల తేదీలు కనబడతాయి. కొత్తగా ఎక్కడ పనికి చేరినా బండి తాళం తీసుకునే ముందు ఈ రెండు నిమిషాల పని చేయండి.

కాదనడం ఎలా?

కోపంగా తాళం విసిరేసి ఇంటికి వస్తే మరుసటి రోజు కంపెనీ చెప్పే మాట "పనికి రాలేదు" అని. అందుకే వరుస తప్పకుండా ఈ పనులు చేయండి.

మొదట ఫోటో, వీడియో. అరిగిన టైరు, గాలి మీటరు, కారుతున్న చోటు, వాటితో పాటు నంబరు ప్లేటు కనబడేలా. ట్రిప్ షీటు లేదా లాగ్‌బుక్ ఉంటే అందులో లోపం రాసి దాన్ని కూడా ఫోటో తీయండి.

తర్వాత రాతలో చెప్పండి. ఫోనులో అరిచిన మాటకు సాక్ష్యం ఉండదు. వాట్సాప్ చాలు. ఇలా రాయవచ్చు:

"సార్, నమస్కారం. ఈ రోజు ఉదయం 6 గంటలకు ఫలానా నంబరు బండి చూశాను. ఎయిర్ బ్రేకులో గాలి నిలవడం లేదు. ఫోటో, వీడియో పంపుతున్నాను. ఈ పరిస్థితిలో తొప్పూరు ఘాటు దించితే ప్రాణాపాయం. మోటారు వాహనాల చట్టం 190వ సెక్షన్ ప్రకారం ఈ బండి తీయకూడదు. బాగుచేయించండి, లేదా వేరే బండి ఇవ్వండి. నేను డ్యూటీకి వచ్చి షెడ్డులోనే ఉన్నాను, వేరే ఏ పని చెప్పినా చేస్తాను."

ఆఖరి వాక్యం మరిచిపోవద్దు. మీరు వద్దన్నది ఆ బండిని మాత్రమే, పనిని కాదు. "సిద్ధంగా ఉన్నాను" అని రాసినవారిని పని ఎగ్గొట్టారని అనలేరు.

మూడోది, మెకానిక్ మాట. షెడ్డు మెకానిక్ చూసి "ఇది నడపకూడదు" అంటే ఒక చీటీ రాయించుకోండి. రాసివ్వడానికి భయపడితే ఆయన చూసిన తేదీ, సమయం మీరే రాసిపెట్టుకోండి.

నాలుగోది, బండి దారిలో ఉండగా లోపం బయటపడితే. భద్రమైన చోట పక్కకు ఆపి, హజార్డు లైటు వేసి, త్రికోణం పెట్టి, ఓనరుకు లొకేషన్ పంపండి. జాతీయ రహదారి అయితే 1033కు ఫోను చేయండి. "నెమ్మదిగా తోలుకుంటూ టోలు దాకా తీసుకురా" అన్నా ఘాటు పైన ఉన్న బండిని దించవద్దు.

ఐదోది, ఒంటరిగా వద్దు. ఒకే షెడ్డులో ఐదుగురు కలిసి సంతకం పెట్టిన కాగితానికి ఉండే బరువు వేరు. యూనియను ఉంటే దాని ద్వారా, భద్రతా కమిటీ ఉంటే దాని ద్వారా ఇవ్వండి.

ఉద్యోగం తీసేస్తే

కంపెనీల స్టాండింగ్ ఆర్డర్లలో ఆజ్ఞ ధిక్కారం తప్పుగా రాసి ఉంటుంది. కానీ నమూనా స్టాండింగ్ ఆర్డర్ల మాటలు గమనించండి: "చట్టబద్ధమైన, సహేతుకమైన" ఆజ్ఞను కావాలని ధిక్కరిస్తేనే తప్పు. 190వ సెక్షన్ కింద నేరమయ్యే పని చేయమనడం చట్టబద్ధం కాదు. కాబట్టి మీ దగ్గర ఫోటో, మెసేజీ ఉంటే వాదన మీవైపు బలంగా ఉంటుంది.

తీసేసినా, సస్పెండు చేసినా ఖాళీ కాగితం మీద సంతకం పెట్టకండి. రాజీనామా రాయమంటే రాయకండి. రాజీనామా ఇస్తే "తీసేశారు" అనే వాదనే పోతుంది. తొలగింపు ఉత్తర్వు రాతలో అడగండి. తర్వాత కార్మిక శాఖ కన్సిలియేషన్ అధికారికి వివాదం వేయవచ్చు. దీనికి యూనియను ఉండనవసరం లేదు, ఒక్క కార్మికుడే వేయవచ్చు. అక్కడ తేలకపోతే విషయం ట్రిబ్యునలుకు వెళ్తుంది. కొత్త పారిశ్రామిక సంబంధాల స్మృతిలో రెండేళ్ల గడువు ఉంది. అన్ని రోజులు ఆగకండి. నెల లోపలే వేస్తే సాక్ష్యాలు చెదిరిపోవు.

లాయరు ఖర్చుకు భయపడేవారికి ఒక మాట. 1987 నాటి న్యాయ సేవల ప్రాధికార సంస్థల చట్టం ప్రకారం స్త్రీలకు, ఎస్సీ, ఎస్టీ వర్గాలవారికి, పారిశ్రామిక కార్మికులకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలి. ధర్మపురి జిల్లా కోర్టులోని న్యాయ సేవల కార్యాలయంలో అడగండి. ఫోను నంబరు 15100.

ప్రమాదం జరిగిపోతే

ముందు వైద్యం. తమిళనాడు ప్రభుత్వం 2021 డిసెంబరులో మొదలుపెట్టిన 'ఇన్నుయిర్ కాప్పోం' పథకం కింద రోడ్డు ప్రమాద బాధితులకు మొదటి 48 గంటల చికిత్స ఉచితం. కేంద్రం 2025 మేలో తెచ్చిన నగదు రహిత చికిత్స పథకం ఏడు రోజుల దాకా, లక్షన్నర రూపాయల వరకు భరిస్తుంది. డబ్బు కట్టేదాకా చూడమని ఆసుపత్రిలో అంటే ఈ పథకాల పేర్లు చెప్పండి.

తర్వాత పరిహారం. మూడు దారులు ఉన్నాయి.

ఈఎస్ఐ: నెల జీతం 21,000 రూపాయల లోపు ఉండి, కంపెనీ ఈఎస్ఐ కడుతుంటే, పనిలో గాయపడినప్పుడు జీతంలో సుమారు 90 శాతం, మరణిస్తే కుటుంబానికి నెలనెలా పింఛను వస్తుంది. పనిలో జరిగిన గాయానికి "ఇన్ని నెలలు కట్టి ఉండాలి" అనే షరతు లేదు. ఈఎస్ఐ ఉన్నవారు అదే గాయానికి యజమాని మీద విడిగా పరిహారం కోరలేరు.

ఉద్యోగుల పరిహారం: ఈఎస్ఐ లేనివారికి ఇది. 1923 నాటి చట్టం కింద నడిచిన పద్ధతినే కొత్త సామాజిక భద్రత స్మృతి కొనసాగిస్తోంది. తప్పు ఎవరిదని అడగదు. మరణం గానీ శాశ్వత పూర్తి వైకల్యం గానీ అయితే "డ్రైవరే అజాగ్రత్తగా ఉన్నాడు" అనే సాకు యజమానికి పనిచేయదు. పాత చట్టం లెక్క ఇలా ఉండేది: మరణానికి నెల జీతంలో సగాన్ని వయసును బట్టి ఉండే సంఖ్యతో హెచ్చించాలి. జీతం ఎంత ఉన్నా లెక్కకు 15,000 రూపాయలే గరిష్ఠం. 30 ఏళ్ల డ్రైవరుకు ఆ సంఖ్య 207.98. అంటే 7,500 రూపాయలను 207.98తో హెచ్చిస్తే 15,59,850 రూపాయలు. "రెండు లక్షలు తీసుకుని సంతకం పెట్టండమ్మా" అని ఇంటికి వచ్చేవారి ముందు ఈ లెక్క పెట్టండి. నెల లోపల కట్టకపోతే 12 శాతం వడ్డీ కూడా ఉండేది.

మోటారు ప్రమాదాల ట్రిబ్యునలు: అవతలి బండి తప్పు ఉంటే ఇక్కడ ఎక్కువ వస్తుంది. 164వ సెక్షన్ కింద తప్పు రుజువు చేయకుండానే మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు కోరవచ్చు. చట్టంలో దావాకు ఆరు నెలల గడువు రాసి ఉంది, ఆ లోపలే వేయండి. ఉద్యోగుల పరిహారమా, ట్రిబ్యునలా అన్నది ఒక్కటే ఎంచుకోవాలి. రెండూ తీసుకోవడానికి 167వ సెక్షన్ ఒప్పుకోదు. ఏది లాభమో లాయరును అడిగాకే మొదటి కాగితం వేయండి.

బ్రేకు ఫెయిలైందని చెప్పి ఓనరు తప్పించుకోలేడు. తగిన జాగ్రత్త తీసుకున్నా కనబడని లోపమని తానే రుజువు చేయాలి. మీరు ముందే పంపిన ఫిర్యాదు అక్కడ ఆ వాదనను పడగొడుతుంది.

ఎక్కి కూర్చునేవారికి కూడా

ఈ హక్కులు స్టీరింగు పట్టినవారికే కాదు. 14వ సెక్షన్ "ప్రతి ఉద్యోగి" అంటుంది. షిఫ్టు బస్సులో వెళ్లే ఆడపిల్లలు కూడా బస్సు బాగోలేదని రాసివ్వవచ్చు. సాయంత్రం 7 తర్వాత, ఉదయం 6కు ముందు స్త్రీలతో పని చేయించాలంటే వాళ్ల సమ్మతి ఉండాలి, భద్రత చూడాలి. ఇంటికీ కంపెనీకీ మధ్య జరిగే ప్రమాదం కూడా, పనితో సంబంధం ఉందని తేలితే, పనిలో జరిగినట్టే లెక్క.

కూలి పనికి మినీ లారీ వెనక నిలబడి వెళ్లే అలవాటు మన పల్లెల్లో ఇంకా ఉంది. సరుకు బండిలో ఊరికే ఎక్కినవారికి బీమా కంపెనీ బాధ్యత లేదని సుప్రీంకోర్టు ఏనాడో చెప్పింది. బండి ఓనరు దగ్గర ఆస్తి లేకపోతే తీర్పు వచ్చినా చేతికి రూపాయి రాదు. మేస్త్రీని "మాకు బస్సో వ్యానో పెట్టు" అని అడగడం గొంతెమ్మ కోరిక కాదు.

బయటి దేశాల్లో ఎలా ఉంది

అమెరికాలో 1982 నుంచి ఒక చట్టం ప్రమాదకరమైన లారీ నడపనన్న డ్రైవరును తీసేయకూడదంటుంది. 2009 జనవరిలో గడ్డకట్టే చలిలో ట్రైలరు బ్రేకులు బిగుసుకుపోయి, హీటరు పనిచేయక, ఒక డ్రైవరు ట్రైలరును వదిలి లారీతో వెళ్లిపోయాడు. కంపెనీ తీసేసింది. 2016లో అప్పీళ్ల కోర్టు ఆ డ్రైవరు పక్షానే తీర్పు చెప్పింది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1981లో చేసిన 155వ ఒప్పందం కూడా ప్రాణాపాయం నుంచి తప్పుకున్న కార్మికుడికి శిక్ష ఉండకూడదంటుంది. 2022లో ఆ సంస్థ దీన్ని మౌలిక ఒప్పందాలలో చేర్చింది. మన చట్టంలో కూడా ఆ ఒక్క వాక్యం సూటిగా రావాలని యూనియన్లు, మన సంఘాలు అడగవలసిన సమయం ఇది.

ఎక్కడికి వెళ్లాలి, ఏ భాషలో?

బండి లోపం, ఎఫ్‌సీ, ఓవర్‌లోడు: ధర్మపురి ఆర్టీవో కార్యాలయం. బండి హోసూరు, కృష్ణగిరి రిజిస్ట్రేషన్ అయినా, అది ఇక్కడ తిరుగుతుంటే ఇక్కడే చెప్పవచ్చు.

పనిగంటలు, తొలగింపు, పరిహారం: జిల్లా కార్మిక శాఖ. ఫ్యాక్టరీ బండి అయితే పారిశ్రామిక భద్రత, ఆరోగ్య విభాగం.

ఎక్కడా కదలిక లేకపోతే: సోమవారం కలెక్టరాఫీసులో జరిగే అర్జీల రోజు, లేదా ముఖ్యమంత్రి సహాయ కేంద్రం 1100. అత్యవసరానికి 108, 112.

మన ఇళ్లలో పెద్దవాళ్లకు తెలుగు రాయడం వస్తుంది, తమిళం రాదు. పిల్లలకు తమిళం వస్తుంది, తెలుగు రాదు. దాంతో కాగితం ఎవరూ రాయక ఆగిపోతుంది. రాజ్యాంగం 350వ అధికరణ ప్రకారం దేశంలో గానీ రాష్ట్రంలో గానీ వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఏ అధికారికైనా అర్జీ ఇచ్చే హక్కు ప్రతి మనిషికీ ఉంది. తెలుగులో రాసిచ్చినా తీసుకోవాలి. పని త్వరగా కావడానికి మాత్రం దాని వెనక తమిళంలో నాలుగు వాక్యాలు పిల్లలతో రాయించి జతపరచండి. రసీదు తప్పక అడగండి.

ఇంట్లో ఉండేవారికి ఒక మాట. మీ ఇంటాయన, మీ అబ్బాయి "ఈ రోజు బండి తీయలేదు" అని పొద్దున్నే తిరిగి వస్తే, "ఒక రోజు కూలి పోయిందే" అనకండి. మెసేజీ పెట్టావా, ఫోటో తీశావా అని అడగండి. ఆ ఫోటోలను మీ ఫోనులోకి కూడా పంపించుకోండి. ఆయన ఫోను పగిలినా, పోలీసులు తీసుకున్నా, మీ దగ్గర కాపీ ఉంటుంది.